పాత వీడియో గేమ్ బొమ్మల శైలిలో ఆర్డరు పెయింటింగ్ వేయడం ఎలా?

1990లలో టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆటలాడిన పిల్లలు ఇప్పుడు ఇళ్లు కట్టుకుని, గోడలకు చిన్న చిన్న చతురస్రపు గళ్లతో ఏర్పడే ఆ బొమ్మలు కావాలని అడుగుతున్నారు. గళ్లు నింపడమే కదా అనుకుంటే పొరపాటు. మామూలు చిత్రంలో గీత కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక్క గడి జరిగితే ముక్కు చెంప మీదికి పోతుంది.

ఆర్డరు తీసుకునేటప్పుడు

ఏ గోడకు, ఎంత కొలత, ఎంత దూరం నుంచి చూస్తారో ముందే అడగండి. ఆటల్లోని పాత్రల మీద హక్కులు ఆయా కంపెనీలవి. అనుమతి లేకుండా వాటిని వేసి అమ్మడం సరికాదు. అందుకే నేను ఇంట్లోవాళ్ల బొమ్మనో, పెంపుడు కుక్కనో అదే శైలిలో వేస్తానని చెబుతాను. చాలామందికి అదే ఎక్కువ నచ్చుతుంది.

ధర కాన్వాస్ కొలతను బట్టి కాదు, గళ్లనూ రంగులనూ లెక్కపెట్టి చెప్పండి. రెండడుగుల కాన్వాస్ మీద 256 గళ్ల కన్నా, అడుగు కాన్వాస్ మీద 1,024 గళ్లకు చాలా ఎక్కువ పని పడుతుంది. నమూనా ఒప్పుకున్నాక సగం అడ్వాన్సు తీసుకుని మొదలుపెట్టండి.

నమూనా

1985లో వచ్చిన నింటెండో కంపెనీ ఆట సూపర్ మారియో బ్రదర్స్‌ను గమనించండి. తెర మొత్తం 256 అడ్డం, 240 నిలువు గళ్లు. అందులో హీరో మారియో చిన్న రూపం 12 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు. రంగులు మూడే. 1981లో ఈ పాత్రను మొదటిసారి గీసినప్పుడే నోరు గీయడానికి చోటు లేక మీసం పెట్టారు, జుట్టు గీయలేక టోపీ పెట్టారు. ఈ శైలి కిటుకు ఇదే: ఏది వదలాలో తెలియాలి.

ఒక బామ్మగారి బొమ్మ అడిగినప్పుడు 16×16 గళ్ల కాగితం తీసుకున్నాను. ముఖానికి దక్కింది ఆరు గళ్ల వెడల్పు. కళ్లు పెడితే కళ్లజోడుకు చోటు లేదు. రెండు రోజులు చెరిపి చెరిపి, చివరికి కళ్లు వదిలేశాను. రెండు నల్ల గళ్లు, మధ్యలో ఒక బూడిదరంగు గడి, తల వెనుక నాలుగు తెల్ల గళ్ల కొప్పు. మనవడు చూడగానే గుర్తుపట్టాడు.

రంగులు

ఆ కాలపు నింటెండో యంత్రం పంపిన సంకేతాన్ని ఒక్కో టీవీ ఒక్కోలా చూపేది. అంటే ‘అసలు ఎరుపు’ ఇదీ అని ఒకటి లేదు. అందుకే రెండు మూడు ఛాయలు కాగితం మీద వేసి, మీకు గుర్తున్నది ఏదని ఆర్డరిచ్చినవారినే అడగండి. తడి యాక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి ఆరిన రంగునే చూపండి. ప్రతి రంగూ పని మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపి మూత బిగించే డబ్బాలో ఉంచండి. మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్లీ కుదరడం చాలా కష్టం.

గళ్లు గీయడం, నింపడం

16 గళ్లకు 40 సెంటీమీటర్ల కాన్వాస్ తీసుకుంటే గడి రెండున్నర సెంటీమీటర్లు. నేత సన్నగా ఉన్నది చూడండి; ముతక గుడ్డ మీద అంచు తిన్నగా రాదు. స్కేలును గడి గడికీ జరుపుతూ కొలవకండి. ఒక్కో గడికి అర మిల్లీమీటరు తేడా వచ్చినా చివరికి 8 మిల్లీమీటర్లవుతుంది. స్కేలును ఒకే అంచుకు ఆనించి అన్ని గుర్తులూ పెట్టండి. రెండు కర్ణాలూ కొలిస్తే సుమారు 56.6 సెంటీమీటర్లు సమానంగా రావాలి. పెన్సిల్ తేలికగా ఆనించండి, పసుపు కింద గీత కనిపిస్తుంది.

ముందుగా నేపథ్యం రంగు వేసి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత ఒక రంగు గళ్ల చుట్టూ మాస్కింగ్ టేపు అతికించి, అంచును గోటితో నొక్కండి. వెంటనే కొత్త రంగు వేయకండి. టేపు అంచు మీద, కింద ఉన్న రంగునే మొదట పలుచగా పూయండి. సందుల్లోకి దిగేది ఆ రంగే కాబట్టి మరక కనబడదు. అది ఆరాక చదును కుంచెతో అసలు రంగు రెండు మూడు పూతలు వేయండి. ఎరుపు, పసుపు పలచగా కనిపిస్తే కింద ఒక తెల్ల పూత పడాలి. చివరి పూత పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. పక్క గడికి వెళ్లేది మర్నాడే. తొందరపడి పచ్చి రంగు మీద టేపు వేస్తే పొర లేచి వస్తుంది.

అంతా బాగా ఆరాక మెరుపు లేని వార్నిష్ పూసి, కాన్వాస్ వెనుక సంతకం చేయండి. ముందువైపు ఖాళీ గడి ఉండదు. మిగిలిన రంగుల డబ్బాల మీద ఆర్డరు తేదీ రాసి దాచండి. ఇల్లు మారేటప్పుడు ఏ మూలైనా గీసుకుపోతే, ఆ ఒక్క గడిని అదే రంగుతో నింపి ఇవ్వవచ్చు.