ఇల్లు మారితే ఓటు దానంతట అదే మారదు: ఫారం 8తో మార్చుకునే పద్ధతి

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలూ, తెలంగాణ లోక్‌సభ ఎన్నికలూ ఒకే రోజున వచ్చాయి. అంతకు ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద టోల్‌ప్లాజాల దగ్గర కార్లు బారులు తీరాయి. అందులో చాలామంది ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే ఉంటున్నవాళ్లు. ఓటు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. బూత్‌లో మీట నొక్కడానికి పట్టేది అర నిమిషం, దాని కోసం రాత్రంతా ప్రయాణం.

మన దేశంలో పోలింగ్ రోజు పని నిజానికి తేలికే. ఓటరు ఇంటికి రెండు కిలోమీటర్లలోపు బూత్ ఉండాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న లెక్క. అరుణాచల్ ప్రదేశ్‌లోని మాలోగాంలో ఒకే ఒక్క ఓటరు కోసం సిబ్బంది ఈవీఎం మోసుకుని కొండదారిన నడిచి వెళ్తారు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఓటరు కార్డు చేతిలో లేకపోయినా ఆధార్, పాన్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటి పన్నెండింటిలో ఏదో ఒకటి చూపిస్తే సరిపోతుంది. చిక్కంతా జాబితాలో పేరు దగ్గరే. స్వీడన్‌లో ఇల్లు మారినవాళ్లు జనాభా రిజిస్టరులో చిరునామా మార్చుకుంటే ఓటరు చీటీ కొత్త ఇంటికే వస్తుంది. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. నార్త్ డకోటాలో అయితే ఓటరు నమోదు అన్న మాటే లేదు. ఎస్టోనియా వాళ్లు 2005 నుంచి ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఓటేస్తున్నారు. మన దగ్గర ఇల్లు మారిన సంగతి మనమే వెళ్లి చెప్పాలి. ఆ చెప్పే కాగితం పేరే ఫారం 8.

ముందు ఒక అపోహ. "ఊళ్లో సొంత ఇల్లు ఉంది, కాబట్టి ఓటు అక్కడే ఉండాలి" అంటారు చాలామంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అలా అనదు. ఒక చోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటు. అలాగని నాలుగు నెలలు పని మీద వేరే ఊరు వెళ్తే ఓటు పోదు, తాత్కాలికంగా లేకపోవడం వేరు. రెండు చోట్లా ఉంచుకుందామన్న తెలివి మాత్రం పనికిరాదు, చట్టం దాన్ని ఒప్పుకోదు. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు: కొత్త ఊళ్లో ఫారం 6 నింపేస్తారు. ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్లది. అందులో వేరే ఎక్కడా నా పేరు లేదని సంతకం పెట్టాలి. తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2022 ఆగస్టు 1 నుంచి నియోజకవర్గం దాటినా, దాటకపోయినా చిరునామా మార్పుకు ఫారం 8 ఒక్కటే. అంతకు ముందు నియోజకవర్గం దాటితే ఫారం 6 నింపేవాళ్లు, ఆ పాత సలహానే ఇంకా కొందరి నోళ్లలో నానుతోంది.

దరఖాస్తుకు రుసుము లేదు. ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో ఖాతా తెరవాలి, ఓటీపీ వస్తుంది. ఫారం 8 తెరిచి ఓటరు కార్డు నంబరు కొడితే మీ పాత వివరాలు కనిపిస్తాయి. అవి మీవేనని చూసుకున్నాక నాలుగు పనులు అడుగుతుంది: నివాసం మార్పు, వివరాల సవరణ, కార్డు మళ్లీ ఇవ్వడం, వైకల్యం నమోదు. ఒక ఫారానికి ఒక పనే. పేరులో తప్పు ఉంది, ఇల్లూ మారింది అంటే రెండు ఫారాలు. తర్వాత అదే నియోజకవర్గమా, బయటిదా అన్నది ఎంచుకుని కొత్త చిరునామా రాయాలి. నెట్ తెలియనివాళ్లు కాగితం ఫారం నింపి బూత్ స్థాయి అధికారికో (బీఎల్వో), ఓటరు నమోదు అధికారి కార్యాలయంలోనో ఇవ్వొచ్చు.

చిరునామా రుజువు దగ్గర అద్దెకున్నవాళ్లకు చుక్కెదురవుతుంది. ఏడాది కాలపు కరెంటు, నీటి, గ్యాస్ బిల్లు, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్ట్, భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, రిజిస్టరైన కొనుగోలు పత్రం చెల్లుతాయి. కరెంటు బిల్లు ఓనరు పేరున ఉంటుంది, పదకొండు నెలల ఒప్పందాన్ని ఎవరూ రిజిస్టర్ చేయించరు. అందుకే ముందు ఆధార్‌లోనో, బ్యాంకు పాస్‌బుక్‌లోనో చిరునామా మార్చుకుని, అది పెట్టడం మంచిది. పత్రం 2 ఎంబీ లోపు ఉండాలి; సెల్‌ఫోన్‌తో చీకట్లో తీసిన ఫొటో పెడితే చదవలేక తిప్పి పంపుతారు.

పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, రాసి పెట్టుకోండి. అసలు కథ అక్కడి నుంచి మొదలవుతుంది. బీఎల్వో మీ ఇంటికి వచ్చి విచారించాలి. ఆయనో, ఆమెనో ఈ పనికే నియమించిన ఉద్యోగి కాదు. అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో అయి ఉంటారు, సొంత పని చూసుకుంటూ ఇదీ మోస్తుంటారు.

నా మొదటి దరఖాస్తు ఇక్కడే పోయింది. స్టేటస్ చూస్తే "తిరస్కరించారు" అని ఉంది. పోర్టల్‌లో బీఎల్వో నంబరు దొరికితే ఫోన్ చేశాను. "మీ ఫ్లాటుకి వచ్చాను సార్, తాళం వేసుంది. వాచ్‌మన్‌ని అడిగితే మీ పేరు వినలేదన్నాడు. మూడో అంతస్తు అంటే ఓనరు పేరు చెప్పాడు" అందావిడ. నిజమే, మా వాచ్‌మన్‌కి మనుషులు ఓనర్ల పేర్లతోనే గుర్తు. మళ్లీ ఫారం వేసి, ఆవిడకు ముందే ఫోన్ చేసి, ఆదివారం పొద్దున రమ్మన్నాను. వచ్చి ఆధార్ చూసి, పక్క ఫ్లాటు వాళ్లను ఒక మాట అడిగి వెళ్లింది. ఐదు నిమిషాలు పట్టలేదు. కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజే బీఎల్వోకి ఫోన్ చేసి మీరెప్పుడు ఇంట్లో ఉంటారో చెప్పండి, వాచ్‌మన్‌కీ మీ పేరు చెప్పండి. బీఎల్వో నంబరు దొరక్కపోతే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయొచ్చు.

అభ్యంతరాలకు వారం రోజులు గడువు ఇచ్చాకే ఓటరు నమోదు అధికారి నిర్ణయం తీసుకుంటారు. ఒప్పుకుంటే పాత చోట పేరు తీయమని సమాచారం వాళ్లే పంపుతారు, మీరు విడిగా పేరు తీసేయమనే ఫారం 7 వేయనక్కర్లేదు. కార్డు నంబరు మారదు. కాదంటే 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కుదరకపోతే ముఖ్య ఎన్నికల అధికారికి.

ఎన్నికలు ప్రకటించాక పరుగెత్తేవాళ్లకు ఒక లెక్క. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో చేర్చరు. విచారణకు, అభ్యంతరాలకు పట్టే రోజులు తీసేస్తే ఆ తేదీకి కనీసం పది రోజుల ముందే దరఖాస్తు అందాలి.

"ఎందుకొచ్చిన గొడవ, పాత చోటే ఉండనీ" అనుకుంటే అది మాత్రం ఉంటుందన్న భరోసా ఏముంది? 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితాకు ప్రత్యేక సమగ్ర సవరణ జరిగినప్పుడు ఆగస్టు 1 ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. అందులో దాదాపు 36 లక్షలు శాశ్వతంగా వెళ్లిపోయినవాళ్లు, లేదా ఇంటి దగ్గర దొరకనివాళ్లు అన్న లెక్కలో పోయాయి. ఉన్న ఊరి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటేసే యంత్రం వస్తుందని కొందరు ఎదురుచూస్తున్నారు. ఎన్నికల సంఘం 72 నియోజకవర్గాలకు పనికొచ్చే నమూనా తయారు చేసి, చూపించడానికి 2023 జనవరిలో పార్టీలను పిలిచింది కూడా, అది నమూనా దగ్గరే ఆగింది.

హాస్టల్ విద్యార్థులు తల్లిదండ్రుల ఊళ్లోనైనా, కాలేజీ ధ్రువపత్రంతో హాస్టల్ చిరునామాలోనైనా నమోదు కావచ్చు. గూడు లేనివాళ్లను పత్రాలు అడగరు. చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నారో లేదో చూడడానికి బీఎల్వో రాత్రిపూట వెళ్లాలన్నది నియమం, ఒక్క రాత్రితో తేల్చేయకూడదు కూడా. విదేశాల్లో ఉంటూ అక్కడి పౌరసత్వం తీసుకోని మనవాళ్లకు ఫారం 6ఏ ఉంది. పాస్‌పోర్టులో ఉన్న ఇక్కడి చిరునామాలో పేరు చేరుతుంది, కానీ ఓటు వేయడానికి అసలు పాస్‌పోర్టు పట్టుకుని విమానం ఎక్కి రావాల్సిందే. వాళ్లకు పోస్టల్ బ్యాలెట్ లేదు.

ఆమోదం మెసేజ్ వచ్చాక కూడా ఒకసారి జాబితాలో వెతకండి. కార్డు ఇంటికి రావడం వేరు, జాబితాలో పేరుండడం వేరు. పేరుతో వెతికితే ఇంటిపేరు ముందా వెనకా, 'లక్ష్మి'కి దీర్ఘం ఉందా లేదా అన్నచోట దొరక్కుండా పోతుంది, కార్డు నంబరుతోనే వెతకండి. పార్ట్ నంబరు, వరస నంబరు, బూత్ ఉన్న బడి పేరు మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. నాది మా వీధి చివరి బడే, వరస సంఖ్య 611.