అట్టపెట్టెతో సాఫ్ట్‌బాక్స్: పని చెడేది తెర దగ్గరే

వాట్సాప్‌లో వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్మేవాళ్ల ఫొటోలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నగ మీద తెల్లటి మచ్చ, వెనక నల్లటి నీడ. పోనీ అని రింగ్ లైట్ కొంటే, రాయి రాయిలోనూ ఓ గుండ్రటి చక్రం! అది మొహాలకు పనికొస్తుంది, నగలకు కాదు. నగలకు కావలసింది సాఫ్ట్‌బాక్స్, అంటే బల్బు వెలుగును తెల్ల తెర గుండా మెత్తగా వదిలే పెట్టె. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

మూరెడు లోతున్న అట్టపెట్టె, వంటింటి సిల్వర్ ఫాయిల్, హోల్డర్, వైరు, తెల్ల పంచె ముక్క తెచ్చుకోండి. 12 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు, డబ్బా మీద 6500కె (పగటి వెలుగులాంటి తెలుపు) అని ఉండాలి. ఫిలమెంట్ బల్బు, హాలోజన్ జోలికి పోవద్దు, అట్ట అంటుకుంటుంది. పెట్టె లోపలంతా ఫాయిల్ అంటించి, అడుగున కన్నం చేసి హోల్డర్ బిగించండి. హోల్డర్ చుట్టూ నాలుగు వేళ్ల మేర ఫాయిల్ ఉండకూడదు, షాక్ కొడుతుంది.

ఇక తెర, అంటే పెట్టె మూతికి అడ్డంగా బిగించి కట్టే ఆ పంచె ముక్క. అందరూ చెడగొట్టేది ఇక్కడే. బల్బుకు ఆనించినట్టు గుడ్డ కట్టేసి సాఫ్ట్‌బాక్స్ అయిపోయిందంటారు. అది ముసుగేసిన బల్బు, అంతే. వెలుగు మెత్తగా పడాలంటే తెర ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకేలా వెలగాలి. కంటితో చూస్తే తేడా తెలియదు. ఫోన్ కెమెరాను తెర వైపే పెట్టి, స్క్రీన్ మీద తాకి, సూర్యుడి గుర్తును బాగా కిందికి లాగండి. నడిమధ్య మచ్చ కనిపించిందా? అరచేతి వెడల్పు బట్టర్ పేపర్‌ను బల్బుకూ తెరకూ మధ్యలో దారాలతో వేలాడదీయండి. బల్బుకు తగలనివ్వద్దు. మళ్లీ చూడండి, మచ్చ పోయేదాకా కాగితం జరుపుతూనే ఉండండి. ఓపిక లేకపోతే కిటికీ పక్కనే తీసుకోండి, నయం.

గుడ్డకు నీలిమందు పెట్టి ఉండకూడదు. పెడితే బంగారం రంగు చచ్చిపోతుంది.

పెట్టెను నగకు పక్కగా, జానెడు దూరంలో పెట్టండి. దూరం జరిపితే వెలుగు బాగా పరుచుకుంటుందని చాలామంది నమ్మకం. నిజానికి దూరం జరిపితే నగ వైపు నుంచి తెర చిన్నదై నీడ గట్టిపడుతుంది, పైగా వెలుగు కూడా బాగా తగ్గిపోతుంది. రెండోవైపు థర్మాకోల్ షీటు నిలబెట్టండి. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయాలి, ఇందులో బేరాల్లేవు.

ఫొటోలో అడ్డచారలు వస్తే తప్పు బల్బుదే. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) తెరిచి, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి. అప్పటికీ పోకపోతే బల్బు మార్చండి.