మొక్క శాస్త్రీయ నామాన్ని చివరి నుంచి విప్పడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెరిగినవారికి పనస, జీడి, సరుగుడు చెట్లు చిన్ననాటి నుంచే తెలుసు గాని, వాటి శాస్త్రీయ నామాలు మాత్రం పరీక్ష కోసం బట్టీ పట్టవలసినవిగానే కనబడతాయి. వాటిలో చాలా పేర్లు గ్రీకు పదాలతో కట్టినవి కనుక, కట్టిన తీరు తెలిస్తే బట్టీ అక్కర్లేదు.

ముందుగా పేరులోని మొదటి పదాన్ని, అంటే ప్రజాతి నామాన్ని తీసుకొని దాని చివరి భాగాన్ని వేరుచేయండి. మొక్కలో ఏ భాగాన్ని చూసి పేరు పెట్టారో సాధారణంగా అక్కడ తెలుస్తుంది: కార్పస్ అంటే కాయ, ఫిల్లమ్ అంటే ఆకు, ఆంథస్ లేదా ఆంథెస్ అంటే పువ్వు, స్పెర్మమ్ అంటే విత్తనం. గ్రీకులో కార్పోస్, ఫిల్లోన్ అనేవి లాటిన్ వేషం వేసుకొని ఇలా మారాయి.

తరువాత ముందు భాగాన్ని కలిపి, మొత్తాన్ని బహువ్రీహి సమాసంలా విప్పండి. పొన్నచెట్టు పేరైన కాలోఫిల్లమ్‌కు ‘అందమైన ఆకు’ అని కాక, ‘అందమైన ఆకులు కలది’ అని చెప్పుకోవాలి. పారిజాతం నిక్టాంథెస్, అంటే రాత్రి పూలు కలది. నల్లజీడి పేరు సెమెకార్పస్ మరీ ముచ్చటైనది: సెమెయోన్ అంటే గుర్తు; ఆ కాయ రసంతోనే చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టేవారు.

ఇక రెండో పదం. పనస ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్. ఆర్టోస్ అంటే రొట్టె, హెటెరోస్ అంటే వేరైన. లేత మొక్క ఆకులకు చీలికలుండి, ముదిరిన చెట్టు ఆకులకు లేకపోవడమే ఆ రెండో పదానికి ఆధారం. పొన్నకు ఫిల్లమ్ అని, పనసకు ఫిల్లస్ అని రావడం అచ్చుతప్పు కాదు: హెటెరోఫిల్లస్ విశేషణం కనుక, పుంలింగమైన ఆర్టోకార్పస్‌ను అనుసరించి దాని చివర మారింది.

చివరగా, అస్ అని ముగిసినంత మాత్రాన ప్రతి పేరునూ గ్రీకుకు అంటగట్టకండి. మొగలికి పెట్టిన పాండనస్ మలయ్ భాషలోని పాండాన్ నుంచి వచ్చింది. సరుగుడుకు పెట్టిన కాజురైనా కూడా ఆ భాషలో కాసోవరీ పక్షికున్న పేరు నుంచే వచ్చింది, దాని సన్నని కొమ్మలు ఆ పక్షి ఈకల్లా వేలాడతాయి గనుక. అనుమానం వచ్చినచోట నిఘంటువు తెరిచి చూసి, ఆ తరువాతే విడదీయడం మంచిది.