ఓసీ లేని ఇల్లు: కొనే ముందే తేల్చుకోవలసిన చిక్కులు

సమస్య: హైదరాబాద్‌లో ఫ్లాటు నచ్చింది, బేరమూ కుదిరింది, తీరా బ్యాంకు లీగల్ రిపోర్టులో ఓసీ (ప్లాన్ ప్రకారమే కట్టారని, నివాసానికి తగినదని పురపాలక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేదని రాసి రుణం ఆపేశారు.

కారణం: ఎక్కువ సందర్భాలలో ప్లాన్ ఒకటి, కట్టడం మరొకటి. స్టిల్ట్ (పార్కింగుకు స్తంభాల మీద వదిలిన కింది భాగం) మీద రెండంతస్తులకు అనుమతి తీసుకుని, మూడో అంతస్తు వేసి, ఆపైన పెంట్‌హౌస్ కూడా లేపుతారు. చిన్న ఇళ్లను మినహాయిస్తే, అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ వైశాల్యంలో 10 శాతాన్ని పురపాలక కమిషనర్ పేరిట తనఖా పెట్టించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ పొందితేనే అది విడుదలవుతుంది. ఈసీని (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను) ఫ్లాటు నంబరు మీద మాత్రమే తీస్తే ఈ తనఖా కనబడకపోవచ్చు కనుక, సర్వే నంబరు, ప్లాటు నంబరు మీద కూడా తీయించాలి.

పరిష్కారం: మంజూరైన ప్లాన్ ప్రతిని అడిగి తీసుకుని, ఇంజినీరుతో నాలుగు వైపులా సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం) కొలిపించాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం సెట్‌బ్యాక్‌లో 10 శాతం వరకు తేడాను అపరాధ రుసుముతో సరిచేసుకునే వీలుంది. అదనపు అంతస్తుకు ఆ వెసులుబాటు లేదు. తేడా ఆ లోపే ఉంటే, అమ్మేవారే సొంత ఖర్చుతో ఓసీ తెచ్చాకే రిజిస్ట్రేషన్ జరగాలని, తేలేకపోతే బయానా తిరిగి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించుకోవాలి. కొనే ఫ్లాటు అనుమతి లేని అంతస్తులోనే ఉంటే, ధర ఎంత తగ్గించినా వదులుకోవడమే మేలు. "ఈ వీధిలో అందరూ ఇలాగే కట్టుకున్నారు" అని బ్రోకరు చెప్పేది నిజమే కావచ్చు గానీ, ఓసీ చూశాకే రుణం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది.

సమస్య: ఓసీ అడిగితే బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు రసీదు చూపుతున్నారు.

కారణం: 2015 అక్టోబరు 28 నాటికి ఉన్న అక్రమ కట్టడాలకు తెచ్చిన ఆ పథకం హైకోర్టు వివాదంలో చిక్కుకుని, దరఖాస్తులు ఏళ్ల తరబడి పెండింగులో పడ్డాయి.

పరిష్కారం: రసీదు కాదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు ప్రతి అడగాలి. ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు కట్టడపు అనుమతికి రుజువులు కావు. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కూడా స్థలానికి సంబంధించినదే, ఇంటికి కాదు.

సమస్య: ఇంటి వెనకే చెరువు ఉంది.

కారణం: పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీగా వదలాలి. చెరువు ఎండిపోయి, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నా ఆ హద్దు మారదు.

పరిష్కారం: ఇల్లు ఎఫ్‌టీఎల్ లోపలో, బఫర్‌లోనో ఉంటే పరిష్కారం లేదు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల పటంలో సర్వే నంబరు సరిచూసి, అనుమానం మిగిలితే నీటిపారుదల, రెవెన్యూ శాఖల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అది చేతికొచ్చే వరకు బయానా ఇవ్వకూడదు.