అంతరిక్ష లక్ష్యాల మీద సమీక్షకు కూర్చునే ముందు

అనంతపురంలో మా సైన్సు బృందం ఈ సెలవుల్లో ఒక పని నెత్తికెత్తుకుంది. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపడానికి మన దేశం పెట్టుకున్న లక్ష్యాలను బయటివాళ్లుగా సమీక్షించి ఒక నివేదిక రాయాలని. డిగ్రీ పిల్లలు, ఇద్దరు లెక్చరర్లు, ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి, నేను. నాలుగు ఆదివారాలు ఉగ్గాని బజ్జీ తింటూ మాట్లాడుకుంటే అయిపోతుందని పిల్లల ధీమా. నాకా ధీమా లేదు. ఇదివరకు ఇలాంటి చర్చే ఒకటి నడిపితే, దేశభక్తి ఎవరికెక్కువ అనే గొడవతో మొదటి గంటలోనే ముగిసింది. అందుకే ముందుగా ఈ జాగ్రత్తలు.

మా జిల్లాలో బోరు వేయించినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు పడతాయా అని బండి ఓనరును అడిగితే, "ఇంకో యాభై అడుగులు పోనీ అన్నా" అంటాడు. అతనికి డబ్బులు అడుగుల లెక్కన మరి. కాబట్టి ఎవరు కూర్చుంటున్నారో మొదట చూసుకోండి. అలాగని ఏ సంబంధమూ లేనివాళ్లే కావాలంటే విషయం తెలిసినవాళ్లు దొరకరు. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే తమ పథకాలను సమీక్షించడానికి 2009లో అమెరికా వేసిన పదిమంది కమిటీకి అధ్యక్షుడు నార్మన్ అగస్టీన్, విమానాలూ రాకెట్లూ చేసే లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి ఒకప్పటి అధిపతి. సభ్యుల్లో శాలీ రైడ్ లాంటి వ్యోమగాములూ ఉన్నారు. మనలో ఒకరి అన్న శ్రీహరికోటలో కాంట్రాక్టు పని చేస్తాడు. చేయనీండి. ఆ మాట మొదటి పేజీలోనే రాసేయండి.

రెండోది ప్రశ్న. అగస్టీన్ కమిటీని దారులు చూపించమన్నారు, ఏ దారిన వెళ్లాలో మాత్రం తేల్చమనలేదు. వాళ్లూ అంతవరకే చేశారు. 2014లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అసలు మనిషి ఎందుకు వెళ్లాలి అన్న దగ్గర మొదలుపెట్టింది. ఏ ఒక్క కారణమూ ఒంటరిగా ఈ ఖర్చును సమర్థించలేదని, అన్నీ కలిస్తేనే బలమని చెప్పింది. మనం మాత్రం మనుషుల్ని పంపే మన కార్యక్రమం గురించి "గగన్‌యాన్ మంచిదా కాదా" అని కూర్చుంటే మళ్లీ పాత గొడవే. 2035కి సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అన్నారు కదా, వీటికి డబ్బూ తేదీలూ మధ్య మెట్లూ సరిపోతున్నాయా అని అడగండి. ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి.

అన్నిటికంటే ఎక్కువ జారిపడే చోటు డబ్బు లెక్క. 2018 డిసెంబరులో గగన్‌యాన్‌కు కేబినెట్ ఒప్పుకున్నది 9,023 కోట్లు. 2024 సెప్టెంబరుకి అది 20,193 కోట్లయింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "రెట్టింపు దాటింది, దుబారా" అని ఎవరో ఒకరు తప్పకుండా అరుస్తారు. కానీ రెండోసారి పనే పెరిగింది. అంతరిక్ష కేంద్రం మొదటి భాగం కూడా అందులో చేరింది, మొత్తం ఎనిమిది ప్రయోగాలు. శెనక్కాయ పంట ఖర్చు రెట్టింపైందని చెప్పి, ఆ ఏడే చేలో బోరు కూడా వేయించామని దాచిపెడితే ఎలా? అలాగని మెత్తగా వదిలేయమనీ కాదు. పెరిగిన పనికి ఎంత, పాత పనికే ఎంత పెరిగింది అని విడదీసి అడగండి. అమెరికాలో 2009 కమిటీ చేసిన పెద్ద మేలు ఇదే. ఉన్న బడ్జెట్‌తో చెప్పుకోదగ్గ అన్వేషణ సాగదని, ఏడాదికి సుమారు 300 కోట్ల డాలర్లు అదనంగా కావాలని మొహం మీదే చెప్పింది.

తేదీల దగ్గర నోరు అదుపులో పెట్టుకోవాలి. 2022కల్లా పంపుతామని 2018 ఆగస్టు 15న ప్రధాని అన్నారు, ఆ ఏడు దాటిపోయింది. ఆ మాట రాయండి, వెక్కిరింత వద్దు. 2023 అక్టోబరు 21న టీవీ-డీ1 పరీక్షలో, అంటే ప్రమాదమొస్తే వ్యోమగాములు తప్పించుకునే ఏర్పాటును మనిషి లేకుండా పరీక్షించిన ప్రయోగంలో, ఐదు సెకన్ల ముందు కౌంట్‌డౌన్ ఆగింది. లోపం సరిచూసుకుని అదే ఉదయం పంపారు. ఆగడం తెలిసినవాళ్లని దానికి మార్కులు వేస్తాను నేను.

ఆగలేకపోతే ఏమవుతుందో అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా చెబుతుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. విచారణ బోర్డు, ఇంధన ట్యాంకు నుంచి ఊడి నౌక రెక్కకు తగిలిన నురుగు ముక్కతో ఆగలేదు, దాన్ని నడిపిన నాసా సంస్థ నడకనూ అంతే తప్పుపట్టింది. 2004 ఫిబ్రవరి 19న జరగాల్సిన మరో ప్రయోగానికి ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టే స్క్రీన్‌సేవర్‌ను మేనేజర్లకు పంపారట. ఆ టెన్షన్ మనకూ వద్దు. నివేదికను ఏ సభకో, ఎవరి చేతుల మీదుగా విడుదలకో ముడిపెట్టకండి.

ఇక ఏకాభిప్రాయం కోసం ఎవరినీ నొక్కకండి. 1986లో పేలిపోయిన అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన పరిశీలనలు విడిగా రాస్తే అనుబంధంగా చేర్చారు. మా బ్యాంకు పెద్దాయన మొదటి సమావేశమైనా కాకముందే మూడు పేజీల అసమ్మతి రాసుకొచ్చాడు. చర్చ అయ్యాక ఇంకోసారి చదువుకోమని, అప్పటికీ మారకపోతే సంతకం పెట్టి ఇమ్మని చెప్పాను.