ఎండలో నడిచినా చొక్కా తడవట్లేదా?

పక్కవాళ్ల చొక్కాలు వీపుకి అతుక్కుపోతున్నాయి, మీది మాత్రం పొడిగా ఉంది, కానీ ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలిపోతూ, తల తిరుగుతోంది. "చెమటే పట్టదు, అదృష్టవంతుడివి" అనేవాళ్లుంటారు, పట్టించుకోకండి. ఒంట్లో వేడి బయటికి పోయే పెద్ద దారి మూసుకుపోయిందన్నమాట.

ముందు ఎక్కడెక్కడ పట్టట్లేదో చూడండి. నీడలో పది నిమిషాలు చురుగ్గా నడిచి, పొడి టిష్యూ కాగితాన్ని నుదురు, చంక, పొట్ట, అరికాలు మీద అద్దండి. కళ్లు తిరిగితే వెంటనే ఆపేయండి.

పాదాలు పొడిగా ఉండి, ముఖం, ఛాతీ మాత్రం కారిపోతుంటే షుగర్ టెస్ట్ చేయించుకోండి. షుగర్ వల్ల కాళ్ల నరాలు దెబ్బతింటే అక్కడ చెమట ఆగిపోయి, ఆ లోటు పైభాగం తీరుస్తుంది. తమాషా ఏంటంటే చాలామంది చెమట ఎక్కువైందనే డాక్టర్ దగ్గరికెళ్తారు! షుగర్ అదుపులో పెట్టుకుంటూ, పగుళ్లున్నాయేమో రోజూ పాదాలు చూసుకోవాలి.

ఈమధ్యే ఒళ్లంతా చెమట తగ్గిందా? మాత్రల డబ్బా తీయండి. అమిట్రిప్టిలిన్, ఆక్సీబ్యుటినిన్, టోపిరమేట్, కొన్ని ఎలర్జీ మాత్రలు చెమటను తగ్గిస్తాయి. సొంతంగా ఆపొద్దు, మార్చమని డాక్టర్‌ని అడగండి.

చెమటకాయలైతే రంధ్రాలు మూసుకుపోయినట్టే, చల్లగా, వదులు బట్టల్లో ఉంటే తగ్గుతాయి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ మీద చెమట పట్టకపోతే మాత్రం కుష్టు పరీక్ష చేయించుకోండి, మందులతో నయమవుతుంది. ముఖంలో సగమే పొడిబారి, అటువైపు కనురెప్ప వాలిపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పుట్టుకతోనే స్వేదగ్రంథులు తక్కువున్నవాళ్లకి (జుట్టు పలచగా, పళ్లు కొన్నే, అవీ మొనదేలి ఉంటాయి) కొత్త గ్రంథులు పుట్టించే మందు లేదు.

కారణం ఏదైనా నీళ్లు తాగితే సరిపోతుందనుకోవద్దు. తాగాలి, కానీ ఆ నీళ్లు చర్మం మీదికి రావట్లేదు కదా, బయటి నుంచి మనమే పోసుకోవాలి. స్ప్రే బాటిల్‌తో చేతులు, మెడ తడుపుకోండి, లేదా బనియన్ తడిపి వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోండి. గాలిలో తేమ ఎక్కువుంటే తడి ఆరదు, అప్పుడు ఏసీ గదే దిక్కు.

మాట తడబడినా, తికమకపడినా, ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ (104 ఫారెన్‌హీట్) దాటినా అది వడదెబ్బే అనుకోండి. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటిమీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి. ఈ వేడికి పారాసిటమాల్ పనిచేయదు.