గెలాక్సీ ఎంత వేగంగా దూరమవుతోందో మీరే లెక్కకట్టండి

దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. స్లోన్ డిజిటల్ స్కై సర్వే తీసిన లక్షలాది గెలాక్సీల వర్ణపటాలు (ఏ తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి ఎంత ఉందో చూపే గ్రాఫులు) ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాలిక్యులేటరు ఉంటే చాలు.

మొదటిసారి చేసేవాళ్లు కొత్త నక్షత్రాలు పుడుతున్న సర్పిల గెలాక్సీని ఎంచుకోవాలి. అందులో హైడ్రోజన్ ఆల్ఫా గీత (హైడ్రోజన్ వాయువు వెలువరించే ఎర్రని కాంతి) నిటారుగా పైకి లేచి కనిపిస్తుంది. దాని అసలు తరంగదైర్ఘ్యం 6564.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). పాఠ్యపుస్తకాల్లో కనిపించే 6562.8 గాలిలో కొలిచిన విలువ. స్లోన్ వర్ణపటాలేమో శూన్యంలోని విలువలతో ఉంటాయి. పుస్తకంలోని అంకె వేస్తే వేగం సెకనుకు 80 కి.మీ. పైచిలుకు ఎక్కువ వస్తుంది.

గీత 6800 దగ్గర ఉందనుకుందాం. అందులోంచి 6564.6 తీసేస్తే 235.4. దాన్ని మళ్లీ 6564.6తో భాగిస్తే 0.0359. ఇదే రెడ్‌షిఫ్ట్, అంటే గెలాక్సీ దూరమవుతున్నందువల్ల గీత ఎరుపువైపు జరిగిన మేర. కాంతివేగం 3,00,000తో గుణిస్తే సెకనుకు 10,770 కి.మీ.

ఇక్కడే ఆగకండి. ఆల్ఫాకు కుడిపక్కన, అసలు తరంగదైర్ఘ్యం 6585.3గా ఉన్న నైట్రోజన్ గీత ఒకటి ఉంటుంది. కేంద్రంలో చురుకైన కృష్ణబిలం ఉన్న గెలాక్సీల్లో అది ఆల్ఫా కన్నా ఎత్తుగా ఉండొచ్చు. దాన్ని ఆల్ఫా అనుకున్నారో, వేగం దాదాపు 1,000 కి.మీ. తేడా కొడుతుంది. కాబట్టి మరో రెండు గీతలతో సరిచూడాలి: మన లెక్క ప్రకారం అసలు 4862.7 వద్ద ఉండే హైడ్రోజన్ బీటా 5037 దగ్గర, అసలు 5008.2 వద్ద ఉండే ఆక్సిజన్ గీత 5188 దగ్గర ఉండాలి. లేవంటే మొదటి గీతనే తప్పుగా పట్టారన్నమాట.

దూరం కావాలంటే వేగాన్ని హబుల్ స్థిరాంకంతో భాగించాలి; ఒక్కో మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరానికి వేగం సెకనుకు ఎన్ని కి.మీ. పెరుగుతుందో చెప్పే అంకె ఇది. ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో అది 67.4, సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) కొలతల్లో 73 దాకా. ఈ పేచీ ఇంకా తేలలేదు. మధ్యస్తంగా 70 వేస్తే 154 మెగాపార్సెక్‌లు, అంటే సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు. దశాంశాల దాకా రాయడం దండగ.

ఈ పద్ధతి దగ్గరి గెలాక్సీలకు పనికిరాదు. విశ్వం సాగడం వల్ల వచ్చే వేగానికి, చుట్టుపక్కల గురుత్వాకర్షణ వల్ల గెలాక్సీకి ఉండే సొంత వేగం కలిసిపోతుంది. అది సెకనుకు కొన్ని వందల కి.మీ. ఉంటుంది. ఆండ్రోమెడా సెకనుకు 300 కి.మీ. వేగంతో మనవైపే వస్తోంది. అంత దూరాన కన్యారాశి గెలాక్సీల గుంపులో ఉన్న ఎం86 అనే గెలాక్సీ గీతలు కూడా నీలంవైపే జరిగి ఉంటాయి; సూత్రంలో వేస్తే దూరం రుణసంఖ్య వస్తుంది! రెడ్‌షిఫ్ట్ 0.02 దాటితే వేగం 6,000 కి.మీ. అవుతుంది, అందులో 300 తేడా అంటే 5 శాతమే. 0.1 దాటాక మళ్లీ ఈ గుణకారం చెల్లదు, విశ్వ నమూనాతో లెక్కించే కాలిక్యులేటరు కావాలి.

గుంపులోని గెలాక్సీ అయితే దాని ఒక్కదాని రెడ్‌షిఫ్ట్ తీసుకోవద్దు. కోమా అనే గెలాక్సీల గుంపులో సభ్యుల వేగాలు సగటుకు అటూఇటూ 1,000 కి.మీ. దాకా చెదిరి ఉంటాయి. వీలైనన్ని గెలాక్సీల సగటు తీసి, దాన్నే 70తో భాగించండి.